వాక్యముల ముడి విప్పిన బ్రౌను

సికింద్రాబాదునందలి సీతాఫల్‌మండికి చేరువనే, తార్నాకయొద్ద, ఆంగ్లమును ఇతర విదేశ భాషలను బోధించు విశ్వవిద్యాలయ మొకటి కలదు. అది 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా నెలకొల్పబడి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయముగా రూపొందెను. ఆంగ్లము మాతృభాష కానివారికి ఆ భాషను ఏ రీతిని బోధించిన చక్కగా పట్టుబడునో పరిశీలించుట ఆ సంస్థ పూనుకొనిన తొలి కార్యములలో నొకటి. అట్టి పరిశీలన మెంత యవసరమో గ్రహింపవలెనన్నచో, ఆ చుట్టుపట్లనున్న ఏ పాఠశాలకు పోయినను చాలును. ఆంగ్ల పదములు తెలిసియు, వానిని వాక్యముగా ముడివేయుట తెలియక తడబడు బాలబాలికలు అచట కానవత్తురు.

ఒక చిన్న వాక్యమును తీసికొందము. ఇంటికి వచ్చిన మిత్రుని చూచి, నీవు వచ్చితివని నాకు సంతోషముగా నున్నదని తెలుగు బాలుడు పలుకును. ఆ మాటనే ఆంగ్లేయ బాలుడు, ఐ యామ్ గ్లాడ్ దట్ యు కేమ్ అని పలుకును. ఇందు గ్లాడ్ అనునది విశేషణము. సంతోషము కలిగినవాడని దాని యర్థము. యు కేమ్ అనునది ఉపవాక్యము; నీవు వచ్చితివని దాని భావము. ఈ రెంటిని కలుపు సముచ్చయము దట్ అను చిన్న మాట. తెలుగున ఆ పనిని చేయునది అని యను చిన్న మాట. చూచుటకు రెండును సమానములే. కాని కూర్పున భేదము కలదు. ఆంగ్లమున సంతోషము ముందు, దాని కారణము వెనుక. తెలుగున కారణము ముందు, సంతోషము వెనుక. అతుకు మాత్రము రెండింటను నడుమనే యుండును.

తెలుగు బాలునకు నేడు కలుగు ఈ చిక్కే, రెండువందల సంవత్సరములకు పూర్వము, తెలుగు నేర్వవచ్చిన ఆంగ్లేయ యువకులకు ఎదురు దిక్కునుండి కలిగెను. అట్టివారిలో ఒకడు ఆ చిక్కును తన యుద్యోగమునకు కలిగిన యిబ్బందిగా మాత్రమే యెంచక, దానిని విప్పుటకు తన జీవితమునే ధారపోసెను. ఆతడే చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. కలకత్తాలోని ఫోర్టు విలియము కళాశాలయందు ఉన్నత పదవి నిర్వహించినవాడు. పలు భాషలయం దాసక్తి గలవాడు. ఆయన తన కుమారునకు బాల్యముననే ప్రాచీన భాషలను, హిందుస్తానీని నేర్పించెను. ఆ యింటిలో వేర్వేరు భాషలు మాటలాడు వారు వచ్చుచు పోవుచుండిరి. ఒక భాషకంటె వేరొక భాష కూడ ఉండునని, దానికిని తనదైన క్రమ ముండునని ఆ బాలునకు చిన్నతనముననే తెలిసివచ్చెను.

1812లో తండ్రి మరణించెను. కుటుంబము ఇంగ్లండుకు తరలిపోయెను. ఈస్టిండియా కంపెనీ కొలువున చేరదలచిన యువకులకు హెయిలీబరీలో ఒక కళాశాల యుండెడిది. బ్రౌను అచట విద్యను ముగించుకొని, ఓడనెక్కి, 1817వ సంవత్సరము ఆగష్టు మాసమున చెన్నపట్టణమునందు దిగెను. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిదేండ్లు నిండలేదు. అంతవరకు తెలుగు అక్షర మొకటియు ఆయన యెరుగడు.

చెన్నపట్టణమున ఫోర్టు సెయింట్ జార్జి కళాశాల యనునది కంపెనీ యుద్యోగులకు దేశభాషలను నేర్పుచుండెడిది. బ్రౌను అచట వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చుకొనెను. ఆ కాలమున ఆంగ్లేయులు తెలుగు నేర్చుకొనుటకు సాధనములు మిక్కిలి తక్కువ. విలియము కేరీ 1814లోను, ఎ. డి. కాంబెల్ 1816లోను తెలుగు వ్యాకరణములను ఆంగ్లమున ప్రకటించియుండిరి. పండితులు బోధించు పాఠములు కావ్యభాషకు చెందినవి. వీధిలో వినవచ్చు మాట వేరు. కచేరీకి వచ్చు అర్జీలోని మాట వేరు. గ్రంథములలో చదివిన మాట చెవికి వినబడదు. చెవికి వినబడిన మాట గ్రంథములలో కానరాదు. ఈ రెంటి నడుమ నిలిచిన విద్యార్థికి దారి చూపువారు లేకపోయిరి.

1820లో సర్ థామస్ మన్రో చెన్నపట్టణమునకు గవర్నరుగా వచ్చెను. ఆయన అంతకు పూర్వము రాయలసీమ ప్రాంతమున కలెక్టరుగా నుండి, రైతులతో వారి భాషలోనే మాటలాడి ప్రసిద్ధి కెక్కినవాడు. ప్రజల భాష నెరుగని యధికారి ప్రజలకు న్యాయము చేయజాలడని ఆయన దృఢముగా నమ్మెను. ఆ నమ్మకము బ్రౌను మనస్సున నాటుకొనెను. ఆ యేటనే ఆయన కడపకు కలెక్టరు సహాయకుడుగా నియమింపబడెను. పిమ్మట మచిలీపట్టణము, రాజమహేంద్రవరము మొదలగు స్థలములయందును రెవిన్యూ శాఖలోను న్యాయస్థానములలోను పని చేసెను.

న్యాయస్థానమున భాష తెలియకపోవుట యెంతటి యనర్థమునకు దారితీయునో యొక్క యుదాహరణమువలన తెలియగలదు. ఒక సాక్షి నిలుచుండి, నేను సంతకము చేసితినని రామయ్య చెప్పినాడు అని పలికినాడనుకొందము. ఇందలి నేను ఎవరు? సాక్షియా, రామయ్యయా? తెలుగున అని యను మాటకు ముందు వచ్చు వాక్యము, చెప్పినవాని నోట వెలువడినట్లే నిలువగలదు. కావున నేను అనగా రామయ్య కావచ్చును. ఆంగ్లమున దట్ తరువాత అట్టి వాక్యము వచ్చినపుడు నేను అతడుగా మారవలెను. ఈ భేదము నెరుగని యధికారి, సంతకము చేసినవాడు సాక్షియే యని వ్రాసికొనవచ్చును. ఒక చిన్న అతుకు మాటను తప్పుగా గ్రహించుటవలన ఒకని పొలము మరియొకని పాలు కావచ్చును. నిరపరాధి చెరసాల పాలు కావచ్చును. వ్యాకరణము పండితుల వినోదము మాత్రమే కాదని, దానియందు పేదవాని బ్రతుకు ముడివడి యున్నదని అట్టి కచేరీలో కూర్చుండినవానికి వేరుగా చెప్పనక్కరలేదు.

బ్రౌనునకు తెలుగు సాహిత్యమునందు మక్కువ కలుగుటకు కారణమైనవాడు వేమన. ఫ్రెంచి మతాచార్యుడైన అబ్బే దుబాయి వ్రాసిన గ్రంథమున వేమన పేరును చూచి, బ్రౌను ఆ కవి పద్యములకై వెదకెను. ఊరూర తిరిగి తాళపత్ర ప్రతులను తెప్పించెను. ఒకే పద్యము ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క విధముగ నుండెను. వానిని సరిపోల్చి, సుమారు ఏడువందల పద్యములను ఏరి, ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. 1839లో ఆ గ్రంథమును పెంచి, వేయికి పైగా పద్యములతో మరల ముద్రింపించెను. పండితులు అంతగా ఆదరింపని కవిని, జనుల నోట నిలిచిన కవిని, పరదేశీయు డొకడు ముద్రణాలయమునకు చేర్చుట ఆ కాలమున ఆశ్చర్యకరమైన విషయము. వేమన మాటలు సామాన్యులకు తెలిసిన మాటలు. అవి చదువుచుండగా, తెలుగు వాక్యము సహజముగా ఏ రీతిని నడచునో బ్రౌనునకు బోధపడసాగెను.

కడపలో ఆయన ఒక బంగళాను కొని, అందు పండితులను, వ్రాయసకాండ్రను నియమించెను. వారు తాళపత్ర గ్రంథములకు కాగితములపై ప్రతులు వ్రాసిరి. భిన్న ప్రతులను సరిచూచి శుద్ధప్రతులను సిద్ధపరచిరి. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు ఈ పనియందు ఆయనకు కుడిభుజముగ నిలిచిరి. వారి జీతములను ఆయన తన సొంత సొమ్మునుండి చెల్లించుచుండెను. కడపలోను మచిలీపట్టణములోను పేద పిల్లల కొరకు ఉచిత పాఠశాలలను కూడ ఆయన నెలకొల్పెను. ఇందువలన ఆయనకు అప్పులు మిగిలెనే గాని ఆస్తి చేకూరలేదు. తోటి యుద్యోగులు ధనము కూడబెట్టుకొని స్వదేశమునకు మరలుచుండగా, ఆయన తాటియాకులను కూడబెట్టుచుండెను.

ఉద్యోగ జీవితమున ఆయనకు ఒడుదొడుకులు తప్పలేదు. 1834 ప్రాంతమున ఆయన ఇంగ్లండుకు మరలిపోవలసివచ్చెను. ఆ దుర్దశ కూడ తెలుగువారికి మేలే చేసెను. లండనునందలి కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు అనేకములు, చదువువారు లేక పడియుండెను. బ్రౌను వానిని పరిశీలించి, జాబితా కట్టి, అవి వెలసిన దేశమునకే పంపవలెనని అధికారుల నొప్పించెను. ఆ ప్రతులు చెన్నపట్టణమునకు చేరెను. ఆయన తాను సేకరించిన ప్రతులను కూడ చెన్నపట్టణములోని సాహిత్య సంఘమున కప్పగించెను. తరువాతి కాలమున అవి అచటి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరి, పరిశోధకులకు నిధియయ్యెను.

1837లో బ్రౌను మరల చెన్నపట్టణమునకు వచ్చెను. ప్రభుత్వమువారి పారశీక భాషానువాదకుడుగాను, పిమ్మట తపాలా శాఖాధిపతిగాను ఆయన పని చేసెను. పగటి వేళ కొలువు. తక్కిన వేళ తెలుగు. ఈ కాలముననే ఆయన చేసిన మహాకార్యములు వెలుగు చూచెను. 1840లో ఆంగ్లమున ఆయన తెలుగు వ్యాకరణము ప్రకటితమయ్యెను. 1857లో దాని రెండవ ముద్రణము వెలువడెను.

ఆ వ్యాకరణమునందలి విశేష మేమి? అంతకు పూర్వము తెలుగు వ్యాకరణములు సంస్కృత వ్యాకరణ మార్గమును అనుసరించి, కావ్యములందలి ప్రయోగములకే లక్షణము చెప్పుచుండెను. బ్రౌను కావ్యభాషను వదలలేదు. కాని దానితోపాటు జనులు నిత్యము మాటలాడు భాషకును, జాబులలోను అర్జీలలోను వ్రాయు భాషకును తన గ్రంథమున చోటిచ్చెను. ఉన్న భాషను ఉన్నట్లు చూపుట ఆయన పద్ధతి. భాష ఇట్లుండవలెనని శాసించుటకంటె, ఇట్లున్నదని గమనించుట ముందు జరుగవలెనని ఆయన యెంచెను.

ఇట్లు గమనించినవానికి, రెండు భాషలలోని యతుకుల భేదము తేటతెల్లమగును. ఆంగ్లమున వాక్యములను కలుపుటకు విడి మాటలు పెక్కు గలవు. తెలుగున ఆ పనిని చాలవరకు ప్రత్యయములు, క్రియల రూపములు నెరవేర్చును. అతడు లేచెను, మరియు ముఖము కడుగుకొనెను, మరియు బడికి పోయెను అని తెలుగువాడు పలుకడు. అతడు లేచి, ముఖము కడుగుకొని, బడికి పోయెను అని పలుకును. రాముడు, లక్ష్మణుడు అను పేర్లను కలుపుటకు ఆంగ్లేయునకు యాండ్ అను మాట కావలెను. తెలుగున రాముడును లక్ష్మణుడును అన్నచో చాలును. వాడుకలో రాముడూ లక్ష్మణుడూ అని చివరి యచ్చును సాగదీసినను చాలును.

విశేషణమును ఉపవాక్యముతో ముడివేయు చోట ఈ భేదము మరింత స్పష్టముగ కానవచ్చును. ఆంగ్లేయుడు భయమును తెలుపు అఫ్రైడ్ అను విశేషణము వెనుక దట్ అను మాటను చేర్చి, భయకారణమును చెప్పును. తెలుగువాడు, బిడ్డ పడిపోవునేమోయని భయముగా నున్నదని పలుకును. ఇందు ఏమో యనునది సందేహమును, అని యనునది అతుకును తెలుపుచున్నవి. ఆంగ్లేయుడు నిశ్చయము లేనపుడు ష్యూర్ అను విశేషణమునకు ముందు నాట్ అను మాటను, వెనుక వెదర్ అను మాటను ఉంచును. తెలుగువాడు, వాన వచ్చునో రాదో నిశ్చయము లేదని క్రియల చివర ఓకారమును చేర్చును. ఆంగ్లేయుడు అలసటను చెప్పుచు, టైర్డ్ అను విశేషణమునకు ముందు సో, వెనుక దట్ ఉంచి, నడువలేకపోయెనను వాక్యమును చేర్చును. తెలుగువాడు, నడువలేనంత అలసెనని ఒక్క అంత అను మాటతో ఆ పనిని ముగించును.

ఆ యతుకుల పుట్టుక కూడ ముచ్చటైనది. ఆంగ్లమునందలి దట్ మొదట అది యని వస్తువును చూపు మాట. చూపుడు మాటయే కాలక్రమమున అతుకు మాటగా మారెను. తెలుగునందలి అని, అను అను ధాతువునుండి పుట్టినది. పలికి యని దాని మొదటి యర్థము. నీవు వచ్చితివని సంతోషము అనగా, నీవు వచ్చితివి అని మనస్సు తనలో తాను పలుకుకొని సంతోషించినదన్నమాట. ఒక భాష వ్రేలితో చూపి కలిపినది. మరియొక భాష నోటితో పలికి కలిపినది. ఈ రహస్యము తెలియని యాంగ్లేయుడు తన వాక్యక్రమమునే తెలుగు పదములలో పోసి, నాకు సంతోషము ఏమనగా నీవు వచ్చితివి అని కూర్చును. ఈ రహస్యము తెలియని తెలుగు బాలుడు, యు కేమ్ అని మొదలిడి, గ్లాడ్ అను మాటకు చోటు తోచక నిలిచిపోవును. ఇద్దరి తడబాటునకును మూల మొక్కటియే.

మరియొక విశేషము కూడ కలదు. ఆంగ్లేయులు నిత్యవ్యవహారమున దట్ అను మాటను తరచుగా వదలివేయుదురు. గ్లాడ్ యు కేమ్ అని మాత్రమే పలుకుదురు. అతుకు వినబడదు; అయినను వాక్యము విడిపోదు. తెలుగున అట్లు కాదు. అని యను మాటను వదలినచో వాక్యము రెండు ముక్కలగును. పుస్తకమున చదివిన యాంగ్లమునకును, ఆంగ్లేయుల నోట వినవచ్చు ఆంగ్లమునకును ఇట్టి యంతరము లనేకము లుండును. కనుకనే ఏ భాషను నేర్చువారైనను దాని గ్రంథములను మాత్రమే గాక, దాని మాటను కూడ వినవలెను. బ్రౌను తెలుగు విషయమున చేసినది ఇదియే.

ఈ కారణముననే ఆయన 1852లో ప్రకటించిన తెలుగు వాచకమున జాబులు, వ్యవహార పత్రములు, పోలీసు రెవిన్యూ విషయములకు సంబంధించిన కాగితములు చేర్చెను. తెలుగు నేర్వగోరు ఉద్యోగి ముందుగా చదువవలసినది రైతు వ్రాయించిన జాబును గదా! ఆ జాబులోనే అని, ఏమో, కాబట్టి మొదలగు మాటలు తమ సహజ స్థానములలో నుండును. అదే సమయమున ఆయన కావ్యములను నిర్లక్ష్యము చేయలేదు. వసుచరిత్ర, మనుచరిత్ర మొదలగు ప్రబంధములను పండితులచే పరిష్కరింపజేసి ముద్రింపించెను.

ఆయన కీర్తికి శిఖరము నిఘంటువు. తెలుగు మాటలకు ఆంగ్లమున అర్థములు చెప్పు నిఘంటువు 1852లో చెన్నపట్టణమున ముద్రితమయ్యెను. ఆంగ్లమునుండి తెలుగునకు వేరొక నిఘంటువు కూడ ఆ కాలముననే వెలువడెను. పారశీకము, హిందుస్తానీ, ఆంగ్లము మొదలగు భాషలనుండి తెలుగు కచేరీలలోనికి వచ్చి చేరిన మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. పూర్వపు నిఘంటువులలో చోటు దొరకని వాడుక మాటలు వీనిలో గౌరవస్థానము పొందెను. దుక్కి దున్నువాని మాటయు, వంట చేయు నిల్లాలి మాటయు, కవి ప్రయోగించిన మాటయు ఒకే వరుసలో నిలిచెను. నేటికిని పండితులు, అనువాదకులు ఆ నిఘంటువును తెరచి చూచుచునే యున్నారు.

బ్రౌను చేసిన పనియందు లోపములు లేకపోలేదు. ఆయన పరాయి ప్రభుత్వపు టుద్యోగి. తెలుగు నేర్చుటకు మొదటి కారణము పరిపాలనావసరమే. కొన్ని కావ్యములను గూర్చి ఆయన తీర్పులు తొందరపాటుతో కూడినవి. కొన్ని మాటలకు ఆయన వ్రాసిన యర్థములు సరికావని తరువాతి వారు చూపిరి. వాడుక భాషకు ఆయన యిచ్చిన గౌరవము వెంటనే నాటుకొనలేదు. 1858లో పరవస్తు చిన్నయ సూరిగారి బాలవ్యాకరణము వెలువడి, కావ్యభాషకు చక్కని లక్షణ గ్రంథమై, పాఠశాలలలో దీర్ఘకాలము నిలిచెను. ఇరువదవ శతాబ్దమున గిడుగు వేంకట రామమూర్తిగారు వాడుక భాషకై ఉద్యమించునంతవరకు ఆ విషయము మరల బలముగా చర్చకు రాలేదు. అయినను, జనుల నోట నున్న భాషయు శాస్త్రదృష్టితో పరిశీలింపదగినదేయని తన గ్రంథములచే చూపిన తొలివారిలో బ్రౌను ఒకడనుట నిస్సంశయము.

1855లో ఆయన కొలువు వీడి ఇంగ్లండుకు మరలెను. ఆరోగ్యము చెడెను. చేతిలో సొమ్ము మిగులలేదు. అయినను తెలుగును విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నియమింపబడెను. తెలుగు గాలి సోకని ఆ మహానగరమున, ఆ వృద్ధుడు తెలుగు పుటలను దిద్దుకొనుచు కాలము గడిపెను. తన సాహిత్య జీవితమును గూర్చి ఒక చిన్న గ్రంథమును కూడ వ్రాసెను. ఆయన వివాహము చేసికొనలేదు. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్ల వయస్సున, లండనున కన్నుమూసెను.

తెలుగువారు ఆయనను మరువలేదు. కడపలో ఆయన బంగళా యున్న స్థలముననే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగు భాషాభిమానుల కృషిచే, ఆయన పేర గ్రంథాలయము వెలసెను. ఒకనాడు జూలూరి అప్పయ్య మొదలగు పండితులు తాళపత్రములను విప్పిన చోటనే నేడు విద్యార్థులు గ్రంథములను విప్పుచున్నారు. బ్రౌను పేరిట అచట భాషాపరిశోధన కేంద్రమును నడుచుచున్నది.

సీతాఫల్‌మండిలోని బాలుడు ఆంగ్ల వాక్యము నొకదానిని కూర్చలేక కలము పట్టుకొని కూర్చున్నపుడు, తనకు బుద్ధి తక్కువయని చింతింపనక్కరలేదు. ఆంగ్లేయుడైన బ్రౌను కూడ పందొమ్మిదవ యేట తెలుగు వాక్యము ముందు అట్లే కూర్చుండినవాడు. తన భాషలో ముందున్నది ఎదుటివాని భాషలో వెనుక నుండునని, అతుకు మాత్రము నడుమనే నిలుచునని గ్రహించిననాడు ఆ బాలుని చిక్కు వీడును. నీవు వచ్చితివని సంతోషము అను మాటను ఏ భాషలో పలికినను, వచ్చినవానికి చేరవలసినది ఆ సంతోషమే. దానిని చెడకుండ చేర్చు మార్గమును వెదకుటకే బ్రౌను తన బ్రతుకు నంతయు వెచ్చించెను.